ఈల, కూత, విజిల్

గంజాం జిల్లాలో చిలికా సరస్సు దక్షిణపుటొడ్డున ఉన్న ఊరు రంభ. బెజవాడ నుంచి కటకం దాకా 1893-96 మధ్య వేసిన రైలుమార్గం ఈ ఊరి మీదుగానే పోతుంది. అప్పటికి గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలోది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సాలో చేరింది. రైలుతో పాటు ఒక కొత్త శబ్దం వచ్చింది. ఇంగ్లీషువారు దానినీ, మనిషి పెదవులతో చేసే శబ్దాన్నీ ఒకే మాటతో చెబుతారు. తెలుగువారు అలా చేయలేదు. మనకు రైలు 'కూసింది'.

ఈ ఎంపిక ఆలోచించదగినది. కోడి కూస్తుంది, కోకిల కూస్తుంది. కబడ్డీ ఆటగాడు కూతకు వెళతాడు. కేక వినబడేంత దూరం కూతవేటు దూరం. ఆవిరి ఇంజను ధ్వని చెవికి ఈలలాగే ఉన్నా, అది చేసే పనిని బట్టి మన పూర్వులు దానికి పేరు పెట్టారని మేము భావిస్తున్నాము. ఆవిరి ఇంజన్లు పోయాయి, ఇప్పుడు మోగేది హారన్. కూత మాత్రం పోలేదు.

ఈల ప్రధానంగా మనిషిది, అందుకే దానికి మర్యాద, అమర్యాద రెండూ అంటుకొన్నాయి. రాత్రిపూట ఈల వేస్తే పాములొస్తాయని పెద్దలు కసురుతారు. ఆడపిల్ల వేస్తే తప్పన్నారు. ఆడపిల్లను చూసి మగవాడు వేస్తే చాలాకాలం 'అల్లరి' అని సరిపెట్టుకొన్నారు. చట్టం సరిపెట్టుకోలేదు: స్త్రీని అవమానించే ఉద్దేశంతో చేసే ధ్వనిని కూడా 1860 నాటి శిక్షాస్మృతి 509వ సెక్షన్ నేరమన్నది. 2024 జూలై 1 నుంచి అది భారతీయ న్యాయ సంహిత 79వ సెక్షన్. అదే ఈలతో నాటకరంగం మీద రాగాలు పలికించి గౌరవం పొందినవారు కల్యాణం రఘురామయ్య (1901-75). 'ఈలపాట' ఆయనకు ఇంటిపేరే అయింది.

కానరీ దీవులలోని లా గొమెరాలో ఈలతోనే స్పానిష్ మాట్లాడుకొంటారు. 2009లో యునెస్కో దానిని మానవాళి వారసత్వంగా గుర్తించింది. మన ఈలలో అక్షరాలు లేవు. సినిమాహాల్లో అది మెప్పు, వీధిలో పిలుపు, మరోచోట అవమానం, సందర్భమే అర్థం.

'విజిల్' కండక్టరుతో, రిఫరీతో, కుక్కరుతో వచ్చింది. ("మూడు విజిల్స్ రానివ్వు" అన్నప్పుడు అది వంటింటి గడియారం కూడా.) ఒకచోట కుదురుకొన్నాక పక్క మాటల చోటునూ అది ఆక్రమిస్తోంది. ఒడియాలో, ఇంగ్లీషులో చదువుకొనే గంజాం తెలుగు పిల్లలకు ఈ మూడింటి తేడా ఇంట్లో వింటేనే తెలుస్తుంది. సాధారణంగా భాషలు నామవాచకాలను త్వరగా, క్రియలను ఆలస్యంగా అరువు తెచ్చుకొంటాయి. కనుక రంభ, బరంపురం ప్రాంతాల విద్యార్థులు తమ ఇంటి పెద్దలను "రైలు ఏం చేసింది?" అని అడిగి, వారు వాడిన క్రియను ఉన్నదున్నట్లు రాసి మాకు పంపాలి: కూసిందా, ఈల వేసిందా, విజిల్ కొట్టిందా. చెప్పినవారి వయస్సు, ఊరు కూడా రాయండి.