గునుగు పువ్వుకి బొగ్గు రంగు

బతుకమ్మ పండగ దగ్గర పడిందంటే చాలు, మన వాట్సాపు గ్రూపుల్లో ఒక మెసేజీ తిరగడం మొదలవుతుంది. "గునుగు పువ్వుకి రంగులద్దకండి, అది మన సంప్రదాయం కాదు, అంతా కెమికల్సు" అని. పంపేది ఎక్కువగా మనవాళ్ళే, అంటే గచ్చిబౌలిలోనో డల్లాస్‌లోనో కూర్చున్న సాఫ్ట్‌వేరు జనం. ఇందులో సగం నిజముంది, ఆ సంగతి తర్వాత చెప్తాను. మిగతా సగం మీదే నాకు పేచీ.

తెలియనివాళ్ళ కోసం ఒక మాట. గునుగు మక్క, జొన్న చేలల్లో దానంతటదే మొలిచే కలుపు మొక్క. పువ్వు తెల్లగా వెండిలా ఉంటుంది, కొసన కాస్త గులాబీ. ముట్టుకుంటే కాయితంలా గరగరలాడుతుంది. అందుకే తొందరగా వాడదు, రంగులో ముంచితే పట్టుకుంటుంది. పసుపుకి తంగేడుంది, కాషాయానికి బంతి ఉంది. ఆకుపచ్చ, నీలం, వంకాయరంగు వరసలు కావాలంటే మాత్రం గునుగే దిక్కు.

మాది గోదావరిఖని, ఎయిట్ ఇంక్లైన్ కాలనీ. బాపు అండర్‌గ్రౌండ్‌లో పనిచేసేవాడు. సద్దుల బతుకమ్మకి ముందురోజు మా వంటింట్లో అన్నం గిన్నెలు పక్కకి పోయి రంగు గిన్నెలొచ్చేవి. గునుగుని పిడికెడు పిడికెడు కట్టలు కట్టి, కాడలు సమంగా కోసి, మరిగే రంగునీళ్ళలో తల వరకే ముంచి తీసి, నీళ్ళు కారేదాకా తలకిందులుగా పట్టుకుని, ఎండలో ఆరబెట్టాలి. కాడ తడిస్తే తెల్లారేసరికి మెత్తబడుతుంది. ఇక చేతులు వారం రోజులు గులాబీ రంగే, బళ్ళో ఎవరింట్లో ఏ రంగు కలిపారో చేతులు చూసి చెప్పేవాళ్ళం.

కంపెనీ క్వార్టర్లు చూసినవాళ్ళకి తెలుసు, అన్నీ ఒకే అచ్చు. అదే గది, అదే కిటికీ, తేడా అంతా తలుపు మీద నంబరులోనే. మన భాషలో చెప్పాలంటే కాపీ పేస్టు. అలాంటి వీధిలో తొమ్మిదో రోజు సాయంత్రం బయటికొచ్చే బతుకమ్మలు మాత్రం ఒకదానిలా ఒకటి ఉండేవి కావు. మా అమ్మ గుమ్మడాకు మీద తంగేడు వరస పేర్చగానే వంకాయరంగు గునుగు పెట్టేది. ఎదురింటి అత్తమ్మది ఆకుపచ్చ. గోదారి ఒడ్డున వందల బతుకమ్మల మధ్య మాది ఎక్కడుందో దూరం నుంచే పోల్చుకునేవాళ్ళం.

ఇప్పుడు చరిత్రలోకి. 1871లో జియలాజికల్ సర్వేకి చెందిన విలియం కింగ్ ఇల్లందు దగ్గర బొగ్గు కనిపెట్టాడు. అక్కడి సింగరేణి అనే ఊరి పేరు మీదే 1920లో కంపెనీ వెలిసింది. రామగుండం ప్రాంతంలో గనులు లేచింది 1960ల్లో. అంటే గోదావరిఖని అనే ఊరే అరవై ఏళ్ళ చిల్లర పిల్ల. చుట్టుపక్కల పల్లెల నుంచి పనికొచ్చినవాళ్ళు బతుకమ్మని కూడా వెంట తెచ్చుకున్నారు. "గునుగుకు గిన్ని రంగులేసుడు మీ అమ్మమ్మ కాలంల యాడిది బిడ్డా, నడిమిట్ల అచ్చింది" అంటుంది అమ్మ. మెసేజీ పంపేవాళ్ళ సాక్ష్యం కూడా ఇదే. కానీ "నడుమ వచ్చిన" ఆ రంగు ఎక్కడి నుంచి వచ్చిందో చూడండి.

1856 ఈస్టర్ సెలవుల్లో, లండన్లో విలియం హెన్రీ పెర్కిన్ అనే 18 ఏళ్ళ కుర్రాడు ఇంట్లోనే చిన్న ప్రయోగశాల పెట్టుకుని మలేరియా మందు క్వినైన్ తయారుచెయ్యాలని చూశాడు. ముడిసరుకు కోల్‌టార్ నుంచి తీసినది. బొగ్గు నుంచి దీపాలకి గ్యాసు తీశాక మిగిలే నల్లటి జిగట చెత్త అది. క్వినైన్ రాలేదు. గిన్నె కడగబోతే ఆల్కహాల్లో వంకాయరంగు దిగింది. మనిషి కృత్రిమంగా చేసిన అద్దకం రంగుల పరిశ్రమ అక్కడ పుట్టింది, అచ్చం మా అమ్మ మొదటి వరస రంగుతో! తర్వాత మెజెంటా, 1877లో మలాకైట్ గ్రీన్, ఇలా వరసగా. మనం చిన్నప్పుడు పాటలు రికార్డు చేయించుకున్న బీఏఎస్ఎఫ్ క్యాసెట్లు గుర్తున్నాయా? ఆ పేరులో ఏ అంటే అనిలిన్. 1865లో పుట్టిన రంగుల కంపెనీ అది.

ఈ రంగులు మనకేమీ పుణ్యానికి రాలేదు. మచిలీపట్నం కలంకారీ ఎరుపు చిరివేరు నుంచి వచ్చేది. ఆ వేరులోని అలిజరిన్‌ని 1868లో జర్మన్లు కోల్‌టార్ సరుకుతోనే చేసేశారు. 1897లో బీఏఎస్ఎఫ్ కృత్రిమ నీలిని అమ్మకానికి పెట్టింది, మన నీలిమందు సాగు కుప్పకూలింది. (అదే 1897లో రొనాల్డ్ రాస్ సికింద్రాబాద్‌లో మలేరియాకి దోమతో లంకె తేల్చాడు. పెర్కిన్ మందు వెతికిన జబ్బే. చరిత్రకి ఇలాంటి చిలిపి పనులు అలవాటు.) అలా వేర్లనీ ఆకుల్నీ మింగిన రంగే పొట్లాల్లో మన కిరాణా కొట్టుకొచ్చి, బొగ్గు తవ్వేవాళ్ళ ఇళ్ళల్లో గునుగెక్కింది.

న్యాయంగా ఒకటి చెప్పాలి. మన సింగరేణి బొగ్గు కోకింగ్ రకం కాదు, ఎక్కువ భాగం కరెంటుకే పోతుంది. ఇవాళ్టి రంగులకి ముడిసరుకు కూడా ఎక్కువగా పెట్రోలియమే. కాబట్టి బాపు తవ్విన బొగ్గే అమ్మ గిన్నెలో రంగయిందని నేననను. కానీ రెండూ ఒకే వంశం. ఆడవాళ్ళు చేతికందిన కొత్త సరుకుని పాత పండగలో పేర్చుకోవడం సంప్రదాయం కాకపోతే, ఇక సంప్రదాయం అంటే ఏమిటో నాకర్థం కాదు.

ఇక ఆ సగం నిజం. మలాకైట్ గ్రీన్ లాంటివి నీళ్ళకి మంచివి కావు. ఒకప్పుడు చేపల ఫంగస్ మందుగా వాడినదాన్నే, తినే చేపలకి వద్దని చాలా దేశాలు ఆపేశాయి. మన పొట్లం మీద ఏం రంగో రాసుండదు. మోదుగ పువ్వు, పసుపు, బీట్‌రూట్ ప్రయత్నించేవాళ్ళున్నారు, మంచిదే. కానీ నీలం ఎలా తెస్తారో నాకు చెప్పండి.

రంగు కంటే నాకు బెంగ గునుగు గురించి. మా చిన్నప్పుడు పిల్లలం కాలనీ దాటితే చాలు, సంచుల నిండా కోసుకొచ్చేవాళ్ళం. ఓపెన్‌కాస్టులొచ్చి ఆ చేలల్లో చాలా భాగం మట్టి దిబ్బల కిందకి పోయింది. ఇప్పుడు కట్ట ఇంత అని బజార్లో కొనాలి. మనుషులూ తగ్గారు. 1990ల మొదట్లో లక్ష పైచిలుకు ఉన్న సింగరేణి ఉద్యోగులు ఇప్పుడు 40 వేల చుట్టుపక్కల. 2011 సకల జనుల సమ్మె నడుమ బతుకమ్మ వచ్చినప్పుడు గనుల్లో పని లేదు, ఇంట్లో జీతం లేదు. రంగు పొట్లాలు మాత్రం ఆగలేదు. 2014లో రాష్ట్ర పండగ అయింది.

మా అక్క ఇప్పుడు డల్లాస్ పక్కన ప్లేనోలో ఉంటుంది. అక్కడ గునుగు దొరకదు కాబట్టి తెల్ల చామంతులు కొని, ఫుడ్ కలర్ కలిపిన నీళ్ళలో కాడలు రాత్రంతా నిలబెడుతుంది. "మాది ఫుడ్ గ్రేడ్ రా, కెమికల్సు కావు" అంటుంది. 1938 నాటి అమెరికా ఆహార చట్టంలో ఆ రంగుల్ని కోల్‌టార్ రంగులనే రాసుకున్నారని నేను చెప్పాను, నమ్మలేదు. వంకాయరంగు మాత్రం ఎన్ని సార్లు చేసినా సరిగ్గా కుదరట్లేదట. అమ్మేమో వీడియో కాల్లో నీళ్ళు ఇంకా మరగనియ్యమంటుంది, చామంతి ఉడికిపోతుందే అని అక్క.