రోబో అంటే వెట్టి

ఇయ్యాల కొంచెం పెద్ద పోస్టు, తీరిగ్గ చదువుకోండి.

రోబో అన్న మాట ఇంగ్లీషోళ్లది కాదు. చెక్ దేశపు మాట. వాళ్ల భాషలో 'రోబోత' అంటే రైతు తన దొర భూమిలో కూలి లేకుండా చెయ్యాల్సిన పని. అంటే మన వెట్టి. ఆ దేశంలో 1848లో దాన్ని రద్దు చేసిండ్రు. 1920లో కారెల్ చాపెక్ అనే రచయిత ఒక నాటకం రాసిండు. ఫ్యాక్టరీలో మనుషుల్లాంటి పనోళ్లను తయారుచేస్తరు. వాళ్లకు ఆకలి, కూలి, ఎదురుమాట ఏమీ ఉండవు. వాళ్లకు ఏం పేరు పెట్టాల్నో తోచకపోతే అన్న జోసెఫ్ 'రోబో' అనమన్నడట. నాటకం చివరికి ఆ వెట్టోళ్లు కూడ తిరగబడుతరు!

మన దేవరుప్పుల మండలపోళ్లకు వెట్టి అంటే ఏందో విడమరిచి చెప్పాల్నా? కడవెండి మన మండలమే. 1946 జూలై 4న దొడ్డి కొమరయ్య అక్కడ్నే తూటాకు ఒరిగిండు. అప్పుడు జనగామ తాలూకా నల్లగొండ జిల్లాలో ఉండె. విసునూరు దేశ్‌ముఖ్‌కు 40 వేల ఎకరాలని పుచ్చలపల్లి సుందరయ్య గారు రాసిండ్రు. అంత భూమి ఉన్న దొర గడిలో కట్టెలు కొట్టుడు, నీళ్లు మోసుడు, వాకిలి ఊడ్సుడు అన్నీ వెట్టే. చాకలి బట్టలు ఉతకాలె, కుమ్మరి కుండలియ్యాలె, మాదిగ చెప్పులు కుట్టియ్యాలె. అధికారి గుర్రం మీద ఊర్లకొస్తే దానికి గడ్డి కూడ వెట్టోళ్లే కోసుకరావాలె. పొద్దంతా కోసినా పైస రాదు. సొంత చేను సంగతి? అది దొర పని అయినంకనే. గడి ముందట నడిచేటప్పుడు చెప్పులు చేతుల పట్టుకోవాలె.

చెప్పుల మాట వచ్చింది కాబట్టి ఇంకోటి చెప్త. ఇంగ్లండులో జమీందార్ల బంగ్లాల ముందట ఎకరాలకెకరాలు పచ్చిక ఉండేది. పశువులు మేసే బీడు కాదు, చూసి మురవడానికి. పొడుగు కొడవళ్లు పట్టుకొని కూలోళ్లు తెల్లారకముందే దిగేవాళ్లు, మంచు తడి మీద గడ్డి బాగ తెగుతదని. 1830లో ఎడ్విన్ బడ్డింగ్ అనే ఆయన గడ్డి కోసే మిషన్‌కు పేటెంటు తీసుకున్నడు. బట్టల మిల్లులో ఉన్ని గుడ్డ మీద నూగు కత్తిరించే యంత్రాన్ని చూసి ఆయనకు ఆ ఆలోచన వచ్చింది. తర్వాత పెద్ద మిషన్లను గుర్రాలతో గుంజించిండ్రు. గిట్టలతో పచ్చిక పాడైతదని ఆ గుర్రాలకు తోలు చెప్పులు తొడిగిండ్రు. అక్కడ గుర్రానికి చెప్పులు, ఇక్కడ మనిషికి చెప్పులు చేతుల. ఈ రెండు ముచ్చట్లు పక్కపక్కన పెట్టి చూస్తే నాకైతే నవ్వు రాదు.

1995లో స్వీడన్‌కు చెందిన హస్క్‌వర్నా కంపెనీ సూర్యరశ్మితో తనంతట తనే తిరిగి గడ్డి కోసే యంత్రాన్ని అమ్మకానికి పెట్టింది. ఇప్పుడొచ్చేటివి బ్యాటరీవి. పోయినేడు బిడ్డ దగ్గరికి డల్లాస్ పోయినప్పుడు అసొంటిదాన్ని రెండు నెలలు చూసిన. తాబేలంత ఉంటది. వాకిలి చుట్టూ భూమిలో సన్నటి తీగ పాతుతరు, అది దాటి పోదు. అడుగున బ్లేడు ముక్కలంత కత్తులు మూడు. పెరిగినంక కోసుడు కాదు, రోజూ కొసలు మాత్రం గొరుగుతది. చార్జింగ్ తగ్గితే తనే గూట్లకు పోయి పండుకుంటది. ఎత్తితే కత్తులు ఆగిపోతయి. అల్లుడు మొక్క పెట్టనీకి గుంత తవ్వితే తీగ తెగింది, ఇగ రెండు రోజులు అది గూడు వదల్లేదు. మన ట్రాక్టర్ డ్రైవర్ అలిగినట్టే! యూరపులో రాత్రిపూట ముళ్లపందుల్లాంటి చిన్న జీవాలు దీని కింద పడుతున్నయని జర్మనీలో కొన్ని పట్టణాలు రాత్రి నడపొద్దన్నయి.

ఇంతకు అది కోసే గడ్డి ఏందనుకున్నరు? మన గరకే. అక్కడ దాన్ని బెర్ముడా గడ్డి అంటరు. మనం చేన్ల వేర్లతో సహా పీకి, ఎండబెట్టి, మళ్ల మొలిస్తే తిట్టుకునే గరకకు వాళ్లు నీళ్లు పెట్టి, ఎరువేసి, రోబోతోని గొరిగిస్తున్నరు. కోసిన ముక్కలు అక్కడ్నే రాలి మట్టిల కలుస్తయి. మా ఇంటామె చూసి, "ఇంత గరక, ఒక్క బర్రె కూడ లేదాయె" అన్నది. అంతకుముందు మెక్సికో నుంచి వలసొచ్చిన కూలీలు వారానికోసారి వచ్చి కోసి, పైసలు తీసుకొని పోయేవాళ్లట. రోబో వచ్చినంక ఆ ఇంటికి వాళ్ల రాక బందయింది.

నేను మిషన్లకు ఎదురు మాట్లాడుత లేను. కోత మిషన్ రాకపోతే నా వరి చేన్లనే రాలేది. వెట్టి చెయ్యాల్నంటే ఇనుమే చెయ్యనీ, మనిషొద్దు. మన దేశంలో 1976లో వెట్టిచాకిరి నిర్మూలన చట్టం వచ్చింది, దానికి 30 ఏండ్ల ముందే మనోళ్లు ఈ మట్టిల వెట్టి చెయ్యమని ఎదురు తిరిగిండ్రు. కాని వెట్టి పోయినంక ఆ గడ్డి ఎవరిదైంది? నా చిన్నతనంల గుంట భూమి లేని ఇంట్ల కూడ బర్రె ఉండేది. ఎవరి గట్టు మీదనైనా మోపెడు గడ్డి కోసుకునేవాళ్లు, పాలమ్మి పిల్లల్ని సాదేవాళ్లు. గట్టుగలాయన అడ్డం చెప్పకపోయేది. ఇప్పుడు ఆ గట్లకు గడ్డి మందు కొడుతున్నం, లేకుంటే బ్రష్ కట్టర్‌తోని గంటల తుక్కు చేస్తున్నం. పని పోయింది, దాంతోపాటు గడ్డీ పోయింది. డల్లాస్ కూలికి కూలే పోయింది, మన దగ్గర భూమి లేనోళ్లకు బర్రె పోయింది.

ఈ వానకాలం నా గట్లకు మందు కొట్టలేదు. బాయికాడి గట్టు మీద గడ్డి మోకాలెత్తు పెరిగింది. బర్రెలున్నోళ్లు కొడవలి తెచ్చుకొని కోసుకపోండి, అడగాల్సిన పని లేదు. వరి దిక్కు మాత్రం తొక్కకుండ్రి.