వ్యసన విముక్తిలో తోటివారి తోడ్పాటు

తాగుడు, మత్తుమందులు, మానసిక అనారోగ్యం నుంచి కోలుకున్నవారు, అవే బాధలు పడుతున్న మరొకరికి శిక్షణ పొంది అండగా నిలవడమే తోటివారి తోడ్పాటు. ఇది వైద్యానికి అనుబంధమే తప్ప ప్రత్యామ్నాయం కాదు. దాదాపు తొమ్మిది దశాబ్దాల దీని చరిత్ర ఒక సంగతి తేల్చి చెబుతోంది. కోలుకున్న మనిషి అనుభవానికి విలువ ఉందని అందరూ ఒప్పుకున్నారు గానీ, ఆ అనుభవానికి జీతం, శిక్షణ, ఎదిగే దారి కల్పించిన చోటే అది వృత్తిగా నిలబడింది.

1935లో అమెరికాలోని ఏక్రన్ పట్టణంలో తాగుడుతో దెబ్బతిన్న ఇద్దరు వ్యక్తులు ఆల్కహాలిక్స్ అనానిమస్‌కు నాంది పలికారు. 1957 నాటికి అది భారతదేశానికి చేరింది. ఇందులో ఫీజు ఉండదు, ఇంటిపేరు చెప్పుకోనక్కర్లేదు. దీని ఫలితాలపై 2020లో వెలువడిన కాక్రేన్ సంస్థ సమీక్ష 27 అధ్యయనాలను, పదివేలకు పైబడినవారి వివరాలను పరిశీలించింది. పూర్తిగా మానేసి నిలబడే విషయంలో, ఆల్కహాలిక్స్ అనానిమస్ పాటించే పన్నెండు మెట్ల బాటలో పద్ధతి ప్రకారం నడిపిన కార్యక్రమాలు ఇతర చికిత్సలకన్నా మెరుగని తేల్చింది. 1999లో అమెరికాలోని జార్జియా రాష్ట్రం, మానసిక ఆరోగ్య రంగంలో తోటివారు చేసే సేవకు ప్రభుత్వ వైద్య బీమా నుంచి డబ్బు చెల్లించడం మొదలుపెట్టింది. స్వచ్ఛంద సేవ వృత్తిగా మారిన మలుపు అదే.

తెలుగునాట ఈ శక్తి మొదట ఉద్యమంగా బయటపడింది. 1990ల తొలినాళ్లలో నెల్లూరు జిల్లా దూబగుంటలో రోశమ్మ, తోటి మహిళలు సారాపై తిరగబడ్డారు. అక్షరాస్యత తరగతుల్లో రేగిన చర్చ సారా వేలంపాటలను అడ్డుకునేదాకా వెళ్లింది. 1993 అక్టోబరులో సారాను, 1995 జనవరిలో మొత్తం మద్యాన్ని ప్రభుత్వం నిషేధించింది. 1997లో ఆ నిషేధాన్ని సడలించారు. నాయకత్వం బాధితుల ఇళ్లలోంచే పుడుతుందని ఉద్యమం నిరూపించింది. అయితే దాని గురి దుకాణం మీద. తాగుడు మానేసిన మనిషి మర్నాడు, ఆ మరుసటి నెల ఎలా నిలదొక్కుకోవాలన్నది వేరే పని. ఆ పనికి రోజూ వచ్చి పలకరించే మనిషి కావాలి.

అలాంటి కొలువుకు నమూనా హెచ్‌ఐవీ నివారణలో దొరికింది. జాతీయ ఎయిడ్స్ నియంత్రణ కార్యక్రమంలోనూ, 2003లో ఆంధ్రప్రదేశ్ సహా ఆరు రాష్ట్రాల్లో మొదలైన అవాహన్ అనే హెచ్‌ఐవీ నివారణ కార్యక్రమంలోనూ, ముప్పు ఎక్కువగా ఉన్నవారిలోంచే పీర్ ఎడ్యుకేటర్లను ఎంచుకుని గౌరవవేతనం ఇచ్చారు. వారిలో కొందరు క్షేత్ర కార్యకర్తలుగా, సంఘాల నిర్వాహకులుగా ఎదిగారు. కేంద్ర సామాజిక న్యాయశాఖ సాయంతో నడిచే వ్యసన విముక్తి కేంద్రాల సిబ్బందిలోనూ, మానేసి నిలదొక్కుకున్న వ్యక్తికి పీర్ ఎడ్యుకేటర్‌గా చోటుంది.

అవసరం ఎంతటిదో 2019లో విడుదలైన జాతీయ సర్వే చూపింది. మద్యానికి బానిసలైన 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందినట్టు తేలింది. చీరాల వంటి చేనేత పట్టణంలో ఈ లోటు ఎలా ఉంటుందో ఊహించడం కష్టం కాదు. ఇంట్లోనే మగ్గం గుంటలో కూర్చుని నేసే మనిషికి ఫ్యాక్టరీ డాక్టరు, సంక్షేమ అధికారి ఉండరు. చీరలు మాస్టర్ వీవర్‌కు అప్పజెప్పి మజూరీ చేతికి తీసుకున్న సాయంత్రమే గండం. ఆ గంటలో పలకరించి, ఇంటిదాకా తోడు నడవగలిగేది ఆ వీధి, ఆ పని ఎరిగిన మనిషే.

దీనిపై అభ్యంతరాలు లేకపోలేదు. జీతమిస్తే సేవాభావం పోతుందంటారు. కానీ పూట గడవని మనిషి ఎన్నాళ్లు ఉచితంగా సేవ చేయగలడు? ఆల్కహాలిక్స్ అనానిమస్ సైతం ఒకరికొకరు చేసుకునే సాయానికి రుసుము వద్దంటూనే, కార్యాలయ పనులకు జీతగాళ్లను అనుమతించింది. తోడు నిలిచేవారే మళ్లీ తాగితే ఎలా అన్నది అంతకన్నా బరువైన ప్రశ్న. అందుకు జవాబు, నియామకానికి ముందు మానేసి నిలిచిన కాలాన్ని చూడటం, పైన పర్యవేక్షకుడిని ఉంచడం, జారితే శిక్షించకుండా చికిత్స కోసం సెలవివ్వడం. వైద్యంలో తలదూరుస్తారన్న భయమూ సబబే. బాగా అలవాటుపడినవారు మద్యం ఒక్కసారిగా ఆపేస్తే ఫిట్స్ రావచ్చు, ప్రాణమే పోవచ్చు. అందుకే హద్దు రాతపూర్వకంగా ఉండాలి: మందు రాసేది వైద్యుడు, ఆస్పత్రికి తీసుకెళ్లేది, తిరిగొచ్చాక వెన్నంటి ఉండేది తోటివాడు.

ఈ చరిత్రలో మిగిలిపోయిన మెట్టు నాయకత్వం. కోలుకున్నవారిని వ్యసన విముక్తి కేంద్రంలో చివరి కుర్చీకే పరిమితం చేస్తే, వారి అనుభవం నిర్ణయాల దాకా చేరదు. గుర్తింపు ఉన్న శిక్షణ, స్థిరమైన జీతం, పర్యవేక్షకుడిగా, కేంద్ర నిర్వాహకుడిగా పదోన్నతి ఏర్పడితే, వ్యసనం పోగొట్టిన బతుకుతెరువును, పరువును అదే అనుభవంతో తిరిగి సంపాదించుకోవచ్చు.