ఆటగాడి పేరు ఎవరి సొత్తు?

మెహిదీపట్నంలోని సెయింట్ ఆన్స్ మహిళా కళాశాలలో పి.వి. సింధు చదివింది. 2016 ఆగస్టులో రియో ఒలింపిక్స్‌లో వెండి పతకం గెలిచేనాటికి ఆమె అక్కడ ఎంబీఏ విద్యార్థిని. ఆ వెంటనే కంపెనీలు ఆమె కోసం వరసకట్టాయి. అదే రోడ్డున లంగర్‌హౌజ్ దాటి చేవెళ్ల వైపు వెళ్తే మొయినాబాద్ మండలంలో ముర్తుజాగూడ ఉంది. సానియా మీర్జా 2013లో టెన్నిస్ అకాడమీ పెట్టింది అక్కడే. 2005 ఫిబ్రవరిలో హైదరాబాద్ ఓపెన్ గెలిచి, డబ్ల్యూటీఏ సింగిల్స్ టైటిల్ సాధించిన తొలి భారతీయురాలైనప్పుడు సానియాకు పద్దెనిమిదేళ్లు. ఆ ఏడాదంతా దేశంలో ఎక్కడ చూసినా ఆమె ముఖమే: టీవీలో, పత్రికల్లో, హోర్డింగుల మీద.

చదువుకునే వయసులో ఆట ఆడుతూ, తమ పేరు మీద వచ్చిన డబ్బు తాము తీసుకున్న ఈ ఇద్దరినీ మన దగ్గర ఎవరూ తప్పుపట్టలేదు. తప్పని చెప్పే రూలే లేదు. వాళ్లే గనక ఆ వయసులో అమెరికాలో ఏదో ఒక విశ్వవిద్యాలయం జట్టుకు ఆడి ఉంటే, ఒక్క బూట్ల ప్రకటనలో కనిపించినందుకే జట్టులో చోటు పోయేది. 2021 జూన్ 30 దాకా అక్కడ అదే రూలు. జులై 1న అది మారింది. పేరు, రూపం, పోలిక మీద హక్కు ఆటగాడిదేనని ఒప్పుకున్న ఆ ఏర్పాటును అక్కడ ఎన్‌ఐఎల్ అంటున్నారు. అది ఉన్నట్టుండి ఊడిపడింది కాదు. దాని వెనక దాదాపు నూట డెబ్భై ఏళ్ల కథ ఉంది.

ఆ కథ ఒక సరస్సు దగ్గర మొదలవుతుంది. 1852 ఆగస్టు 3న న్యూ హాంప్‌షైర్ రాష్ట్రంలోని విన్నిపెసాకీ సరస్సులో హార్వర్డ్, యేల్ విద్యార్థులు పడవ పందెం ఆడారు. అమెరికాలో రెండు కాలేజీల మధ్య జరిగిన మొదటి పోటీ అదే. దాన్ని జరిపించాలన్న ఆలోచన మాత్రం కాలేజీలది కాదు, ఒక రైల్వే కంపెనీది. కొత్తగా వేసిన లైను మీద ఆ సరస్సుకు జనం రావాలని కంపెనీ అధికారి జేమ్స్ ఎల్కిన్స్ రెండు జట్ల ప్రయాణం, బస ఖర్చు భరించాడు. హార్వర్డ్ గెలిచింది, రైలుకు ప్రయాణికులు దొరికారు. కాలేజీ ఆటలోకి డబ్బు తర్వాతెప్పుడో చొరబడి దాన్ని చెడగొట్టిందని చెప్పేవాళ్లు ఈ పందెం సంగతి మరిచిపోతారు. డబ్బు మొదటి రోజు నుంచే ఉంది. అది ఎవరి చేతికి వెళ్లాలన్నదే అప్పటినుంచీ నడిచిన తగాదా.

1905లో ఫుట్‌బాల్ మైదానాల్లో కుర్రాళ్లు వరసగా చనిపోతుంటే అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ కాలేజీల పెద్దలను పిలిచి మందలించాడు. మరుసటేడు కాలేజీ ఆటలకు రూళ్లు పెట్టే ఒక సంఘం పుట్టింది. 1910 నుంచి దాని పేరే ఎన్‌సీఏఏ. విద్యార్థి సరదాకే ఆడాలి, ప్రతిఫలం తీసుకోకూడదన్నది దాని సిద్ధాంతం. కాగితం మీద అలా ఉన్నా, 1929లో కార్నెగీ ఫౌండేషన్ పరిశీలిస్తే కాలేజీలు ఆటగాళ్లను చాటుమాటుగా డబ్బిచ్చి తెచ్చుకోవడం అంతటా కనిపించింది. 1948లో దీన్ని అదుపు చేసే నిబంధనలు పెట్టి, మూడేళ్లకే ఎన్‌సీఏఏ వాటిని తానే ఎత్తేసింది. 1956లో ఆట కోసమే ఇచ్చే స్కాలర్‌షిప్‌ను బాహాటంగా ఒప్పుకుంది. అంటే ఫీజు, భోజనం, గది ఇవ్వొచ్చు. ఆటకు జీతం మాత్రం ఇవ్వకూడదు.

ఈ చరిత్రలో నన్ను అన్నిటికంటే కలచివేసేది రే డెనిసన్ ఉదంతం. సైన్యంలో పనిచేసి వచ్చి, కొలరాడోలోని ఫోర్ట్ లూయిస్ కాలేజీలో చేరి ఫుట్‌బాల్ ఆడాడు. 1955లో ఆటలో తలకు దెబ్బ తగిలి చనిపోయాడు. పనిలో చనిపోయిన కార్మికుడి కుటుంబానికి ఇచ్చే పరిహారం తమకూ ఇవ్వాలని భార్య అడిగింది. కాలేజీ ఫుట్‌బాల్ వ్యాపారం చేయడం లేదని, కాబట్టి పరిహారం రాదని 1957లో కొలరాడో సుప్రీంకోర్టు తేల్చింది. ఆటగాళ్లు ఉద్యోగులన్న వాదన ఇంకెక్కడా తలెత్తకుండా, వాళ్లను ఎప్పుడూ విద్యార్థి క్రీడాకారులనే పిలవాలని ఎన్‌సీఏఏ ఆ రోజుల్లో పట్టుబట్టింది. ఈ మాట చెప్పింది ప్రత్యర్థులు కాదు. 1951 నుంచి 1980ల చివరిదాకా ఆ సంస్థను నడిపిన వాల్టర్ బయర్స్ తానే 1995లో రాసిన పుస్తకంలో ఒప్పుకున్నాడు. జీవితమంతా కాపలా కాసిన రూళ్లు ఆటగాళ్లకు అన్యాయం చేశాయని ఆఖరికి అతనే రాశాడు. ఆ నిజాయితీకి దండం పెట్టాలి. కానీ అప్పటికి నాలుగు దశాబ్దాల పిల్లలు ఆడి వెళ్లిపోయారు.

ఈలోగా టీవీ వచ్చింది. ప్రసార హక్కుల మీద ఎన్‌సీఏఏ గుత్తాధిపత్యం చెల్లదని 1984లో అమెరికా సుప్రీంకోర్టు చెప్పాక కాలేజీ ఫుట్‌బాల్ అంగడి పెద్దదైంది. 2010లో బాస్కెట్‌బాల్ టోర్నమెంట్ ఒక్కటే పద్నాలుగేళ్లకు 1,080 కోట్ల డాలర్లకు అమ్ముడైంది. కోచ్‌లకు లక్షల డాలర్ల జీతాలు, స్టేడియాలకు కొత్త హంగులు. ఆటగాడికి మాత్రం అదే భోజనం, అదే గది. కొలరాడో విశ్వవిద్యాలయంలో ఫుట్‌బాల్ ఆడిన జెరెమీ బ్లూమ్ మంచు మీద స్కీయింగ్‌లో ఒలింపియన్. స్కీయింగ్ శిక్షణ ఖర్చుకు ప్రకటనల డబ్బు తీసుకున్నాడని 2004లో అతన్ని ఫుట్‌బాల్‌కు అనర్హుణ్ని చేశారు. ఒక ఆటలోని సంపాదనకు ఇంకో ఆటలో శిక్ష.

ఆ గోడకు పగులు పెట్టింది ఒక వీడియో గేమ్. ఎడ్ ఒబానన్ 1995లో యూసీఎల్ఏను బాస్కెట్‌బాల్ విజేతగా నిలిపినవాడు. చాలా ఏళ్ల తర్వాత స్నేహితుడి ఇంట్లో పిల్లాడు ఆడుతున్న గేమ్‌లో తననే చూసుకున్నాడు. పేరు లేదు గానీ అదే 31 నంబరు జెర్సీ, అదే ఎడమచేతి వాటం. ఆ గేమ్ అమ్మకాల్లో అతనికి పైసా రాలేదు. 2009లో దావా వేశాడు. 2014లో జడ్జి క్లాడియా విల్కెన్ అతని పక్షాన తీర్పిచ్చారు. 2019లో కాలిఫోర్నియా రాష్ట్రం ఆటగాళ్లకు పేరు మీద హక్కునిస్తూ చట్టం చేసింది, ఇతర రాష్ట్రాలు అదే బాట పట్టాయి. 2021 జూన్ 21న, ఆటగాళ్లకిచ్చే చదువు సంబంధిత సాయం మీది పరిమితులను సవాలు చేసిన ఆల్‌స్టన్ కేసులో సుప్రీంకోర్టు న్యాయమూర్తులు తొమ్మిది మందీ ఎన్‌సీఏఏను కాదన్నారు. పది రోజులు గడవకముందే ఎన్‌సీఏఏ పాత నిషేధాన్ని పక్కన పెట్టేసింది.

కాలేజీ మారే కథ దీనికి కవల. కోచ్ ఇవాళ ఒక కాలేజీ వదిలి రేపు ఇంకో కాలేజీలో చేరొచ్చు. పెద్ద ఆటల్లో ఆటగాడు మాత్రం మారితే ఏడాది బెంచీ మీద కూర్చోవాల్సి వచ్చేది. ఉన్న కాలేజీ అడ్డుచెబితే కొత్త కాలేజీ వాళ్లు అతనితో మాట్లాడటానికే వీలుండేది కాదు. రంజీ ఆటగాడికి సొంత రాష్ట్ర సంఘం ఎన్‌ఓసీ ఎంత ముఖ్యమో మన క్రికెట్ అభిమానులకు తెలుసు. హైదరాబాద్, ఆంధ్ర, బరోడా, విదర్భ జట్లకు ఆడిన అంబటి రాయుడి ప్రయాణం చూసినవాళ్లకు ఇంకా బాగా తెలుసు. అమెరికా కాలేజీలో ఆ ఎన్‌ఓసీ ఇచ్చేవాడు చాలాసార్లు ఆటగాడు వదిలి వెళ్లదలచిన కోచే. 2018 అక్టోబరు 15న ట్రాన్స్‌ఫర్ పోర్టల్ వచ్చింది. పేరు నమోదు చేయించుకుంటే చాలు, అనుమతి అక్కర్లేదు. 2021లో ఒకసారి మారినా వెంటనే ఆడొచ్చన్నారు. 2023 డిసెంబరులో వెస్ట్ వర్జీనియాలోని ఫెడరల్ కోర్టు మిగిలిన అడ్డునూ ఆపింది. 2024 ఏప్రిల్ నుంచి చదువులో వెనకబడనంతవరకు ఎన్నిసార్లైనా మారొచ్చు.

రెండు తలుపులూ దాదాపు ఒకేసారి తెరుచుకోవడంతో ఒకదాన్ని ఒకటి తోసుకున్నాయి. ఫ్రెస్నో స్టేట్ బాస్కెట్‌బాల్ కవలలు హేలీ, హానా కావిండర్ 2021 జులై 1నే ఒక మొబైల్ కంపెనీతో ఒప్పందం కుదుర్చుకున్నారు, మరుసటేడు మయామీ విశ్వవిద్యాలయానికి మారారు. ఇప్పుడు ఫుట్‌బాల్‌లో పోర్టల్ తెరిచే రోజులంటే బేరసారాల రోజులే. జట్టు ఐక్యత పోయిందని, చదువు దెబ్బతింటోందని పెద్దలు బాధపడుతున్నారు. ఒక కుర్రాడు ఏటా కాలేజీ మారితే డిగ్రీ కష్టమేనని నేనూ ఒప్పుకుంటాను. ఈ బాధ కోచ్‌లు కాలేజీలు మారిన కాలంలో ఎవరికీ రాకపోవడమే నాకు మింగుడుపడదు.

ఇక మన పిల్లల సంగతి. హైదరాబాద్ నుంచి వలస వెళ్లిన తల్లిదండ్రులకు కాలిఫోర్నియాలో పుట్టిన సాహిత్ తీగల పెప్పర్‌డైన్ విశ్వవిద్యాలయానికి గోల్ఫ్ ఆడాడు. 2020లో కాలేజీ గోల్ఫ్‌లో అత్యుత్తమ ఆటగాడికిచ్చే హాస్కిన్స్, హోగన్, నిక్లాస్ అవార్డులు మూడూ అతనికే వచ్చాయి. ఆ ఏడాదే కాలేజీ ముగించి ప్రొఫెషనల్ అయ్యాడు. ఎన్‌ఐఎల్ వచ్చేసరికి ఏడాది దాటింది. అమెరికాలో మేటి కాలేజీ గోల్ఫర్‌గా ఉన్న రోజుల్లో ఒక టోపీ కంపెనీ దగ్గర కూడా డాలరు తీసుకునే వీల్లేకపోయింది. పీజీఏ టూర్‌లో మొదటి టైటిల్ 2023లో గెలిచాడు.

నిషేశ్ బసవరెడ్డి తల్లిదండ్రులది నెల్లూరు. స్టాన్‌ఫర్డ్‌లో రెండేళ్లు ఆడి, చదువుతూనే ఛాలెంజర్ టైటిళ్లు గెలిచాడు. 2024 డిసెంబరులో కాలేజీ ఆట వదిలేసి, మరుసటి నెల ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో జొకోవిచ్ మీద మొదటి సెట్ గెలిచాడు. అతని కాలానికి ఎన్‌ఐఎల్ ఉంది. అయినా విచిత్రమైన మెలిక ఒకటి అప్పటికీ మిగిలే ఉంది: రాకెట్ ప్రకటనకు డబ్బు తీసుకోవచ్చు, అదే రాకెట్‌తో గెలిచిన ప్రైజ్‌మనీని ఖర్చులకు మించి తీసుకోకూడదు. 2021 యూఎస్ ఓపెన్‌లో సంపాదించిన సొమ్ములో చాలాభాగం వదులుకోవలసి వచ్చిన నార్త్ కరోలినా క్రీడాకారిణి రీస్ బ్రాంట్‌మయర్ 2024లో దీని మీదే కోర్టుకెళ్లింది. ఆటలో గెలుపు కన్నా ప్రకటనలో నవ్వు పవిత్రమని ఏ తర్కంతో తేల్చారో నాకు అర్థం కాదు.

సాహిత్, నిషేశ్ ఇద్దరూ అక్కడే పుట్టినవాళ్లు. ఇక్కడి నుంచి వెళ్లేవాళ్ల కథ వేరు. ఆంధ్ర కుర్రాడు సాకేత్ మైనేని అలబామా విశ్వవిద్యాలయానికి టెన్నిస్ ఆడాడు, తర్వాత 2014 ఏషియన్ గేమ్స్‌లో సానియాతో కలిసి మిక్స్‌డ్ డబుల్స్ స్వర్ణం గెలిచాడు. అలా వెళ్లేవాళ్లు దాదాపు అందరూ ఎఫ్-1 విద్యార్థి వీసా మీద వెళ్తారు. ముర్తుజాగూడ ఉన్న మొయినాబాద్ మండలంలోనే చిల్కూరు ఉంది. ఏ వీసా కోసం మన పిల్లలు బాలాజీ గుడిలో పదకొండు ప్రదక్షిణలు చేసి, వచ్చాక నూట ఎనిమిది పూర్తి చేస్తారో, ఎన్‌ఐఎల్ డబ్బుకు అడ్డుపడేది సరిగ్గా ఆ వీసానే. సెమిస్టర్ నడుస్తుండగా క్యాంపస్‌లో వారానికి ఇరవై గంటల పని చేసుకోవచ్చు. బయట అనుమతి లేకుండా పనిచేస్తే స్టేటస్ పోతుంది. ప్రకటన షూటింగ్‌కు వెళ్లి నిలబడటమూ పనే. కాలేజీ ఆటల పై అంచె అయిన డివిజన్ వన్ టెన్నిస్ జట్లలో సగానికి మించి విదేశీ విద్యార్థులే కనుక ఈ దెబ్బ టెన్నిస్‌కు గట్టిగానే తగులుతుంది. కాంగో నుంచి వచ్చి కెంటకీకి ఆడిన ఆస్కార్ షీబ్వే 2022 ఆగస్టులో జట్టు బహామాస్ వెళ్లినప్పుడు, అమెరికా గడ్డ మీద కాకుండా అక్కడ తన ఒప్పందాల పని చేసుకున్నాడు. విదేశీ క్రీడాకారులకు దారి ఇవ్వాలని 2023లో సెనేట్‌లో బిల్లు పెట్టినా అది చట్టం కాలేదు.

2025 జూన్ 6న అదే జడ్జి విల్కెన్, ఆటగాళ్లు ఎన్‌సీఏఏ మీద వేసిన హౌస్ కేసులో రాజీ ఒప్పందాన్ని ఆమోదించారు. పాత ఆటగాళ్లకు పదేళ్లలో దాదాపు 280 కోట్ల డాలర్లు దక్కుతాయి. 2025-26లో ఒక్కో విశ్వవిద్యాలయం తన రాబడి నుంచి 2.05 కోట్ల డాలర్ల దాకా ఆటగాళ్లకు నేరుగా పంచొచ్చు. అందులో సింహభాగం ఫుట్‌బాల్‌కు, పురుషుల బాస్కెట్‌బాల్‌కు వెళ్తుంది. పురుషుల టెన్నిస్‌లో జట్టంతటికీ కలిపి నాలుగున్నర స్కాలర్‌షిప్‌లే ఇవ్వాలన్న పాత పరిమితి పోయి, జట్టులో పది మంది ఉండొచ్చన్న కొత్త పరిమితి వచ్చింది. పదిమందికీ పూర్తి స్కాలర్‌షిప్ ఇవ్వడానికి ఇప్పుడు రూలు అడ్డుకాదు, కాలేజీ ఖజానాయే అడ్డు.

మన దగ్గర అడ్డు అసలే లేదు, కానీ అంతర్ విశ్వవిద్యాలయ పోటీలను చూసేవాళ్లూ లేరు. ఖేలో ఇండియాకు ఎంపికైన క్రీడాకారుడి మీద ఏడాదికి 6.28 లక్షలు వెచ్చిస్తారు, అందులో 1.20 లక్షలు చేతిఖర్చుకు. మంచి పథకం. అది దొరకని కుటుంబాలు అమెరికా వైపు చూడటంలో తప్పులేదు. చూసేముందు రెండు సంగతులు కోచ్‌ను కాదు, ఇమ్మిగ్రేషన్ లాయరును రాతపూర్వకంగా అడగాలి. విశ్వవిద్యాలయం ఇస్తామంటున్న మొత్తంలో స్కాలర్‌షిప్ ఎంత, ఎన్‌ఐఎల్ లేదా రాబడి వాటా ఎంత, ఆ రెండోది ఎఫ్-1 మీద తీసుకోవచ్చా అన్నది ఒకటి. వేసవి సెలవుల్లో హైదరాబాద్ వచ్చి ఇక్కడి కంపెనీతో ఇక్కడే షూటింగ్ చేస్తే వీసాకు ఇబ్బంది ఉంటుందా అన్నది రెండోది. ఈ రెండింటికీ జవాబు వచ్చాకే సంతకం పెట్టాలి.