ఒకే వేదికపై రెండు తరాలు: జాజ్‌లో జంట పియానోల సంప్రదాయం

జాజ్ సంగీతంలో ఇద్దరు పియానో విద్వాంసులు కలిసి కచేరీ చేయడం కష్టసాధ్యమైన ప్రక్రియ. వారు వేర్వేరు తరాలవారైతే ఆ కష్టం మరింత పెరుగుతుంది. సితార్, సరోద్‌ల జుగల్‌బందీలో దేని నాదం దానిదే. రెండు పియానోలకు ఆ వెసులుబాటు ఉండదు.

పియానోకు 88 మీటలు ఉంటాయి. సాధారణంగా ఎడమచేయి మంద్రస్థాయిలో లయకు ఆధారమవుతుంది, కుడిచేయి రాగరచనను నడిపిస్తుంది. అందువల్ల పియానో వాదకుడు ఒక్కడే ఒక బృందంతో సమానం. ఇద్దరూ ఒకేసారి మంద్రస్థాయిని ఆక్రమిస్తే స్వరాలు కలగాపులగమవుతాయి. ఒకరు స్వరకల్పన చేస్తున్నప్పుడు రెండవవారు పక్కవాద్యంగా ఒదిగి, ఆ పైన పాత్రలు మార్చుకోవాలి. కచేరీలో రెండు పియానోల ఒంపులను ఒకదానితో ఒకటి కలిపి అమర్చడం పరిపాటి. అప్పుడు వాదకులు ఎదురెదురుగా కూర్చుని, కనుసైగలతోనే సంకేతాలు ఇచ్చుకోగలుగుతారు.

తరాల కలయికకు 1965లో అమెరికాలోని పిట్స్‌బర్గ్ జాజ్ ఉత్సవం వేదిక అయింది. విల్లీ ‘ది లయన్’ స్మిత్, డ్యూక్ ఎల్లింగ్టన్, ఎర్ల్ హైన్స్, మేరీ లూ విలియమ్స్, బిల్లీ టేలర్ ఆ పియానో కార్యక్రమంలో పాల్గొన్నారు. స్మిత్‌ను ఎల్లింగ్టన్ యౌవనం నుంచీ ఆరాధించారు. 1939లో ఆయన పేరిట ఒక రచన కూడా చేశారు. వారందరిదీ ఒకే వృక్షానికి చెందిన శాఖల వంటి అనుబంధం.

ఇద్దరి మార్గాలు పూర్తిగా వేరైనప్పుడు ఏమవుతుందో 1977 ఏప్రిల్ 17న న్యూయార్క్ కార్నెగీ హాల్‌లో తేటతెల్లమైంది. 1910లో జన్మించిన మేరీ లూ విలియమ్స్, 1929లో జన్మించిన సెసిల్ టేలర్ ఆనాడు జంటగా వాయించారు. రాగ్‌టైమ్, స్వింగ్, బీబాప్ దశలన్నింటినీ విలియమ్స్ స్వయంగా చూశారు. 1940 దశకంలో థెలోనియస్ మంక్, బడ్ పావెల్ వంటి యువకులకు హార్లెమ్‌లోని ఆమె నివాసం విద్యాకేంద్రంగా ఉండేది. స్థిరమైన తాళాన్ని, పరిచిత స్వరక్రమాన్ని దాటి వెళ్లిన ‘ఫ్రీ జాజ్’ ఉద్యమానికి టేలర్ అగ్రగామి.

ఆధ్యాత్మిక గీతాల నుంచి బాప్ వరకు జాజ్ చరిత్రను తొలి భాగంలో వినిపించాలని విలియమ్స్ సంకల్పించారు. టేలర్ మాత్రం తన సహజశైలిలో దట్టమైన స్వరధారలతో సాగిపోయారు. పక్కవాద్యం ఎవరన్న ప్రశ్న వేదికపై తేలలేదు. ఈ పరిణామం విలియమ్స్‌కు ఆగ్రహం కలిగించింది. విమర్శకుల అభిప్రాయాలు భిన్నధ్రువాలుగా చీలిపోయాయి. అయినప్పటికీ ‘ఎంబ్రేస్డ్’ పేరుతో వెలువడిన ఆ రికార్డింగ్ నేటికీ చర్చనీయాంశమే. ‘ఆలింగనం’ అనే అర్థాన్నిచ్చే ఆ శీర్షిక కింద వినిపించేది చాలావరకు సంఘర్షణే కావడం విశేషం.

తరాల సంభాషణకు రేడియో మరింత అనువైన వేదిక అయింది. ఇంగ్లండ్‌లో జన్మించిన మారియన్ మెక్‌పార్ట్‌లాండ్ 1979 నుంచి అమెరికా ప్రజా రేడియోలో ‘పియానో జాజ్’ కార్యక్రమాన్ని నిర్వహించారు. అతిథితో ముచ్చటించడం, ఆ వెంటనే జంటగా వాయించడం దాని పద్ధతి. తొలి అతిథి మేరీ లూ విలియమ్స్. మూడు దశాబ్దాలకు పైగా సాగిన ఈ కార్యక్రమంలో పెద్దల నుంచి నవతరం వరకు అనేకులు పాల్గొన్నారు.

అమెరికా విద్వాంసుడు చిక్ కొరియా, జపాన్ కళాకారిణి హిరోమి ఉయెహారా మధ్య వయోభేదం 38 సంవత్సరాలు. 17 ఏళ్ల వయసులో టోక్యోలో ఆమె ఆయనను కలుసుకున్నారు. ఆయన తన కచేరీలో వాయించే అవకాశమిచ్చారు. దశాబ్దం తర్వాత, 2007లో, ఇద్దరూ టోక్యోలోని ‘బ్లూ నోట్’లో సమస్థాయిలో చేసిన కచేరీలు ‘డ్యూయెట్’ ఆల్బమ్‌గా వెలువడ్డాయి.

వయసులో అంతరం కార్నెగీ హాల్‌లో కంటే టోక్యోలోనే ఎక్కువ. అయినా కొరియా, హిరోమిల వాదన సాఫీగా సాగింది. ఎదుటివారి వంతు వచ్చినప్పుడు తన చేతులను తగ్గించుకోవడానికి ఇద్దరూ సిద్ధపడటమే అందుకు ప్రధాన కారణం. జంట పియానోల కచేరీలో తరం కంటే ఈ సంసిద్ధతే నిర్ణాయకమని ఈ రెండు రికార్డింగులను వరుసగా విన్నవారికి స్పష్టమవుతుంది.