గర్భిణీ రక్షణము - రుబెల్లా నేర్పిన పాఠము

1941వ సంవత్సరారంభమున ఆస్ట్రేలియాలోని సిడ్నీ నగరమున నార్మన్ గ్రెగ్ అను నేత్రవైద్యుని యొద్దకు పుట్టుకతోనే కన్నులకు శుక్లములు కమ్మిన పసికందులు ఒకరి వెంట నొకరుగ రాసాగిరి. ఇందరకు ఒక్కమారే ఈ యాపద ఏల కలుగవలెనని ఆయన ఆలోచించి తల్లులను విచారించెను. తోటి వైద్యుల సాయముతో పరిశీలించిన 78 మంది శిశువులలో 68 మంది తల్లులకు గర్భము ధరించిన తొలి మాసములలో జర్మన్ తట్టు, అనగా రుబెల్లా, సోకినట్లు తేలినది. 1940లో ఆ దేశమున ఈ వ్యాధి విశేషముగ వ్యాపించి యుండెను. తల్లికి స్వల్ప జ్వరము, మూడునాళ్ల దద్దురు. గర్భస్థ శిశువునకో, కన్నులకును గుండెకును తీరని లోపము! గ్రెగ్ మాటను పలువురు వైద్యులు తొలుత సందేహించినను, కాలక్రమమున అదియే సత్యమని రుజువైనది.

1962లో అమెరికా శాస్త్రజ్ఞులు ఈ వ్యాధి వైరస్‌ను వేరుపరచిరి. టీకా రాకముందే, 1964-65లో, ఆ దేశమున సుమారు 1 కోటి 25 లక్షల మందికి వ్యాధి సోకినది. సుమారు 20,000 మంది శిశువులు దాని కీడుతో జన్మించిరి. 1969లో టీకా వాడుకకు వచ్చినది.

అయితే ఇది సజీవ వైరస్‌తో చేసిన టీకా గనుక గర్భిణులకు వేయరాదు. రక్షణము ముందుగనే కలిగి యుండవలెను. మరి ఎవరికి వేయవలెను? బ్రిటన్ 1970లో పాఠశాల బాలికలను ఎన్నుకొనెను. కాని బడియీడు దాటిన పిదప పరదేశముల నుండి వచ్చి కాపురమున్న స్త్రీలకు ఆ టీకా అందలేదు. గర్భిణుల రక్తపరీక్షలలో, అక్కడ పుట్టి పెరిగినవారికంటె ఆసియా నుండి వచ్చినవారిలో రక్షణము లేనివారు హెచ్చుగ కనిపించిరి. బాలురకు టీకా లేకపోవుటచే వ్యాధియు సమాజమున నిలిచియే యుండెను. 1988 నుండి అక్కడ బాలబాలికల కిరువురకును టీకా వేయసాగిరి.

అరకొర ప్రయత్నమును ప్రమాదకరమే. గ్రీసులో కొందరు పిల్లలకే టీకా వేయుటచే వ్యాధి తగ్గినట్లు తోచెను. తక్కినవారు బాల్యమున వ్యాధి సోకక, రక్షణము లేకయే పెద్దవారైరి. 1993లో అక్కడ వ్యాధి చెలరేగి గర్భిణులను తాకినది. ఇందుకు భిన్నముగ, అందరకు టీకా అందించిన అమెరికా ఖండములు రెండును 2015లో స్థానిక రుబెల్లా నుండి విముక్తి పొందినవి.

మన దేశమున 2017లో తట్టు-రుబెల్లా టీకా ఉద్యమము ఆరంభమైనది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణములలో ఆ యేడే 9 మాసముల నుండి 15 ఏండ్లలోపు బాలబాలికలకు టీకా వేసిరి. అప్పటికే ఆ యీడు దాటిన యువతులు దాని పరిధిలోనికి రాలేదు. వారిలో బాల్యమున వ్యాధి వచ్చి పోయినవారికి రక్షణము కలదు; తక్కినవారిలో టీకా వేసికొననివారికి లేదు. చూచినంత మాత్రమున ఈ భేదము తెలియదు. కావున గర్భము ధరింపక పూర్వమే వైద్యుని సంప్రదించుటయు, టీకా వేసికొన్న పిదప ఒక మాసము గర్భధారణమును వాయిదా వేయుటయు మేలు. పెండ్లికి ముహూర్తము చూచు పెద్దలు ఈ చిన్న సూదిని గూర్చియు తలపవలెను. దాని ఫలము అనుభవించునది ఇంకను పుట్టని బిడ్డ.