దూరపు శత్రువు, దగ్గరి అనుమానం: 1962 చైనా యుద్ధకాలంలో పౌర ప్రతిస్పందన

1962 అక్టోబరు 20న చైనా సైన్యం నేఫా (నేటి అరుణాచల్ ప్రదేశ్), లడఖ్ రెండు వైపులా దాడికి దిగింది. నవంబరు 21న తనంతట తానే కాల్పుల విరమణ ప్రకటించింది. ఈ నెల రోజులను మన చరిత్ర రచన ఎక్కువగా సైనిక వైఫల్యంగానో, నెహ్రూ విదేశాంగ విధానానికి తగిలిన దెబ్బగానో చదివింది. పౌరుల మాటకొస్తే బంగారం ఇచ్చారు, రక్తం ఇచ్చారు అని చెప్పి ముందుకు సాగిపోయింది. నిజానికి ఆనాటి ఉదారత, ఆనాటి అనుమానం ఒకే భయానికి పుట్టిన బిడ్డలు. మొదటిదానికి ఆయుష్షు తక్కువ. రెండోదానికి చట్టం అండ దొరికి ఏళ్ల తరబడి బతికింది. ఈ వ్యాసంలో పరిశీలిస్తున్నది ఆ తేడానే.

అక్టోబరు 26న అత్యవసర పరిస్థితి ప్రకటించారు. జాతీయ రక్షణ నిధి ఏర్పడింది. ఊరూరా సభలు పెట్టి విరాళాలు వసూలు చేశారు. ఇందిరా గాంధీ తన నగలు నిధికి ఇచ్చారు. గాజులు, గొలుసులు, చివరకు మంగళసూత్రాలు కూడా తీసి ఇచ్చిన స్త్రీలున్నారు. తిరుపతి కొండమీద నిలువుదోపిడీ ఇచ్చే అలవాటున్న తెలుగువారికి ఆ దృశ్యం కొత్తేమీ కాదు. మొక్కు దేవుడి నుంచి దేశానికి మారిందంతే. అయితే ప్రభుత్వం విరాళాలతోనే ఆగలేదు. అదే ఏడాది ఆరున్నర శాతం వడ్డీతో బంగారు బాండ్లు కూడా జారీ చేసింది. త్యాగానికీ పొదుపుకూ మధ్య గీత అప్పుడే చెరిగిపోవడం మొదలైంది.

నిజాం కథ దీనికి మంచి ఉదాహరణ. 1965 పాకిస్తాన్ యుద్ధం నాటి సంగతి అది. మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ 5 టన్నుల బంగారం దేశానికి దానం చేశాడని హైదరాబాదులో ఇప్పటికీ చెప్పుకుంటారు. సమాచార హక్కు చట్టం కింద బయటికొచ్చిన లెక్క ప్రకారం అది 425 కిలోలు, అదీ జాతీయ రక్షణ బంగారు పథకంలో పెట్టుబడి. దానివల్ల ఆయన చేసిన పని చిన్నదైపోదు. కానీ పెట్టుబడిని దానంగా, కిలోలను టన్నులుగా మార్చిన ప్రజాస్మృతి ఏం కోరుకుంటోందో గమనించాలి. విలీనానికి ముందు భారత ప్రభుత్వంతో తలపడిన పాలకుడు చివరకు దేశం పక్షాన నిలిచాడని చెప్పే కథ ఒకటి హైదరాబాదుకు అవసరమైంది.

బంగారం ఇచ్చినవారిని తలచుకుంటాం గానీ, బంగారంతో బతికేవారిని తలచుకోం. 1963 జనవరిలో ఆర్థికమంత్రి మొరార్జీ దేశాయ్ తెచ్చిన బంగారు నియంత్రణ నిబంధనలు 14 క్యారెట్లకు మించిన కొత్త నగల తయారీని నిషేధించాయి. దొంగరవాణాను అరికట్టడం, విదేశీ మారకాన్ని కాపాడడం లక్ష్యం. 22 క్యారెట్లకు అలవాటుపడిన కొనుగోలుదారులు 14 క్యారెట్ల నగ వైపు కన్నెత్తి చూడలేదు. దేశమంతటా కంసాలుల కుంపట్లు చల్లారాయి. యుద్ధం ముగిశాక వచ్చిన ఈ భారాన్ని మోసినవారెవరూ వేదికలెక్కలేదు, వారికి దండలూ పడలేదు.

రాజకీయాల్లో అనుమానం కమ్యూనిస్టుల మీద పడింది. భారత కమ్యూనిస్టు పార్టీ జాతీయ సమితి నవంబరు మొదట్లోనే చైనా దాడిని ఖండించింది. అయినా అదే నెలలో భారత రక్షణ నిబంధనల కింద దేశవ్యాప్తంగా వందలమంది నాయకులు, కార్యకర్తలు జైలుపాలయ్యారు. పార్టీలో అప్పటికే ఉన్న చీలిక మరింత ముదిరింది. 1964 జులైలో తెనాలిలో జరిగిన సదస్సు, ఆ ఏడాది చివర కలకత్తా మహాసభ కొత్త పార్టీకి, అంటే సీపీఐ(ఎం)కు, దారి తీశాయి. దాని తొలి ప్రధాన కార్యదర్శి పుచ్చలపల్లి సుందరయ్య. చీలికకు సిద్ధాంత కారణాలు బలమైనవే. అయితే 'చైనా ఏజెంటు' అన్న నింద వీధిలో ఎంత తేలికగా అంటుకుందో చూడకుండా ఆ కథ పూర్తి కాదు.

అన్నిటికంటే బరువైన మూల్యం చెల్లించింది చైనా మూలాలున్న భారతీయులు. అస్సాంలోని మాకుం, బెంగాల్‌లోని డార్జిలింగ్ ప్రాంతాల్లో తరతరాలుగా వడ్రంగం, తోళ్లపని, చిన్న హోటళ్లతో బతికినవారు. ఇక్కడే పుట్టి, ఇక్కడి భాషలే మాట్లాడినవారిని కూడా విదేశీయుల్లా నిర్బంధించడానికి కొత్త ఆర్డినెన్సులు వీలు కల్పించాయి. దాదాపు 3,000 మందిని రైళ్లలో రాజస్థాన్‌లోని దేవళీ శిబిరానికి తరలించారు. బ్రిటిష్‌వారు 1940లలో జయప్రకాశ్ నారాయణ్‌ను, కమ్యూనిస్టు నాయకుడు డాంగేను బంధించి ఉంచిన చోటే అది. పొరుగువారు ఎక్కడో ఎదిరించారు, ఎక్కడో కళ్లు తిప్పుకున్నారు, ఎక్కడో ఇళ్ల వేలంలో పాల్గొన్నారు. హిమాలయాల అవతలి శత్రువు సామాన్యుడి చేతికి అందడు. పక్కవీధి చెప్పుల దుకాణం అందుతుంది. ఆ కోపానికి చిరునామా రాసిచ్చింది మాత్రం ప్రభుత్వమే. అస్సామీ నవల 'మాకాం'లో రీతా చౌధురి ఈ కథ చెప్పేదాకా చాలామంది భారతీయులకు అలాంటి శిబిరం ఉండేదనే తెలియదు.

కాలాన్ని లెక్కవేస్తే తేడా మరింత స్పష్టమవుతుంది. విరాళాల ఉప్పెన కొన్ని నెలల్లో తగ్గింది. అత్యవసర పరిస్థితి 1968 జనవరి దాకా కొనసాగింది. దేవళీలో కొందరు నాలుగేళ్లకు పైగా గడిపారు. కొందరిని ఓడల్లో చైనాకు పంపారు, వారిలో ఆ దేశాన్ని అంతకుముందు ఎన్నడూ చూడనివారున్నారు. విడుదలైనవారిలో చాలామంది తర్వాత కెనడాకు వలసపోయారు.

1965లో రక్షణ బాండ్లలో పెట్టిన బంగారాన్ని 1980లో బంగారంగానే తిరిగి చెల్లించేలా ప్రభుత్వం ముందే నిబంధన రాసుకుంది. దేవళీలో మనుషులు పోగొట్టుకున్నదానికి అలాంటి నిబంధనేదీ లేదు. రెండో ప్రపంచయుద్ధంలో జపాన్ మూలాలున్న తమ పౌరులను శిబిరాల్లో పెట్టినందుకు అమెరికా, కెనడా 1988లో క్షమాపణ చెప్పి పరిహారమిచ్చాయి. టొరంటోలో సంఘంగా ఏర్పడ్డ దేవళీ నిర్బంధితులు ఢిల్లీని అడుగుతున్నది అలాంటి క్షమాపణే.